సెల్ఫు బుష్షు

మన రోడ్ల మీద బండిని లేపే మోటారుని ఎవరూ స్టార్టర్ అనరు. సెల్ఫు అంటారు. "సెల్ఫు పట్టడం లేదు", "సెల్ఫు తిరగట్లేదు", "సెల్ఫు పోయింది". లారీ డ్రైవరు దగ్గర్నుంచి కారున్న డాక్టరు దాకా అందరిదీ ఇదే మాట. ముందు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవాళ్ళు. ఆ కష్టం తప్పించి బండి తనంతట తాను లేచేట్టు చేసింది కాబట్టి ఆ పేరొచ్చింది. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకి ఇది వచ్చింది. పేరు సెల్ఫే గాని తనంతట తాను అదేం చెయ్యలేదు. బ్యాటరీ కరెంటివ్వాలి. లోపల ఆర్మేచర్ తిరగాలి. ఆర్మేచర్ తిరగాలంటే దాని ఇరుసు కొసలని మోసే బుష్షులుండాలి. వేలికి తొడిగే ఉంగరం కన్నా కాస్త పొడుగైన కంచు గొట్టాలవి. కరెంటు గురించి అందరూ మాట్లాడతారు. మోసేదాని గురించి ఎవరూ మాట్లాడరు.

నేనీ బుష్షు గురించి రాయడానికి ఒక మాట కారణం. "మీవాళ్ళకి మెషీన్ పని రక్తంలోనే ఉంటుందండీ." ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో పని చేస్తున్నాను. కొన్నాళ్ళు ఉర్దూలో, ఎక్కువ కాలం తెలుగులో. నా పేరు విన్న తర్వాత ఈ మాట అన్నవాళ్ళని లెక్కపెట్టలేను. రైల్లో పక్క సీటాయన అన్నాడు. డెస్కులో తోటి సబ్ ఎడిటర్ అన్నాడు. చెడు ఉద్దేశంతో కాదు, మెచ్చుకోలుగానే అన్నారు. నా చేతికి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. నేను చదివింది బి.ఏ. అయినా ఆ మెచ్చుకోలు నాకూ వర్తిస్తుందని వాళ్ళ నమ్మకం. పైకి కిరీటంలా కనిపించే ఈ మాట లోపల ఒక ముద్ర. మనిషి నేర్చుకున్నదాన్ని నేర్చుకోనట్టు, అలవాటైన కష్టాన్ని పుట్టుకతో వచ్చినట్టు చూపించే ముద్ర.

దీనికి జవాబు నా దగ్గర వాదనగా లేదు. మా మామూ చేసిన ఒక పనిగా ఉంది. ఆ పని పూర్తిగా చెబుతాను. రక్తం ఎక్కడ ఉందో, తెలివి ఎక్కడ ఉందో మీరే చూడండి.

మా అబ్బా టాక్సీగా నడిపిన అంబాసిడర్ ఒకటి ఇంటి దగ్గర ఉంది. 1980లలో కొన్న పెట్రోలు బండి. అబ్బా పోయినా అమ్మీ దాన్ని అమ్మనివ్వలేదు. రెండేళ్ళ కింద దాని సెల్ఫు మొరాయించింది. తాళం తిప్పితే మోటారు మూలుగుతుంది, ఇంజను రెండు చుట్లు బరువుగా తిరిగి ఆగిపోతుంది, లైట్లు మసకబారతాయి. ఒక షాపులో చూసి బ్యాటరీ మార్చమన్నారు. అమ్మీ ఒప్పుకోలేదు. "మా తమ్ముడు చూడకుండా ఏదీ మార్చేది లేదు" అంది. మా మామూకి వరంగల్ మండీబజార్ దగ్గర సెల్ఫు, డైనమో రిపేరు షాపుంది. షాపంటే పదడుగుల గది, ముందు వేపచెట్టు.

మామూ వచ్చి బానెట్ ఎత్తాడు. ముందు బ్యాటరీ ఆసిడ్‌లో హైడ్రోమీటర్ ముంచి చూశాడు. 1250 దాటి ఉంది, అంటే చార్జి ఉంది. తర్వాత నన్ను తాళం తిప్పమని, బ్యాటరీ టెర్మినళ్ళ మీద, ఎర్త్ వైరు బోల్టు మీద చెయ్యి వేసి చూశాడు. ఎక్కడా వేడి లేదు. వైరు వదులుగా ఉంటే ఆ చోటు కాలుతుంది. తర్వాత తన బండి బ్యాటరీ తెచ్చి వైర్లతో కలిపి తిప్పించాడు. తేడా లేదు. అప్పుడన్నాడు: "బ్యాటరీ కూ గాలియా నక్కో దేవ్ బేటా, బుష్ ఘిస్ గయా." బ్యాటరీని తిట్టకురా, అరిగింది బుష్షు అని.

మోటారు ఇంకా విప్పలేదు. అయినా ఎలా చెప్పాడు? నేనడిగితే ఆయన చెప్పింది ఇది. సెల్ఫు లోపల ఆర్మేచర్ చుట్టూ పోల్ షూలనే ఇనుప దిమ్మెలుంటాయి. ఆర్మేచర్‌కీ వాటికీ మధ్య ఖాళీ మిల్లీమీటరు కూడా ఉండదు. దగ్గరగా ఉంటేనే అయస్కాంతం బలం. తగిలితే మాత్రం సర్వనాశనం. తగలకుండా ఆపేది బుష్షులే. బుష్షు అరిగితే ఇరుసు కిందికి జారుతుంది, ఆర్మేచర్ పోల్ షూలకి రాసుకుంటుంది. వందల ఆంపియర్ల కరెంటు ఇంజను తిప్పడానికి పోకుండా రాపిడిని గెలవడానికే పోతుంది. బయట నిలబడినవాడికి కనిపించేది మసకబారిన లైట్లు. అందుకే అందరూ బ్యాటరీని అనుమానిస్తారు. కొత్త బ్యాటరీ వేస్తే కొన్నాళ్ళు బలవంతంగా తిరుగుతుంది కూడా. ఆ కొన్నాళ్ళలో ఆర్మేచర్ ఒరుసుకుపోతుంది. చిల్లర డబ్బుల బుష్షుతో పోయేది మొత్తం మోటారుకి వస్తుంది.

నేను దీన్ని ఉపమానంగా వాడుకోదలుచుకోలేదు. దీన్ని పరీక్ష అంటారు. ఒక్కొక్క అనుమానాన్నీ విడివిడిగా పట్టుకుని, నిజమో కాదో తేల్చి, పక్కనపెట్టి, మిగిలినదాని దగ్గరికి వెళ్ళడం. ఇంజనీరింగు కాలేజీలో దీన్ని పాఠంగా చెబుతారు. వేపచెట్టు కింద చేస్తే రక్తం అంటారు.

మామూ బ్యాటరీ ఎర్త్ వైరు ముందే తీసేశాడు. సెల్ఫుని ఇంజనుకి పట్టి ఉంచేవి రెండే బోల్టులు. ఒకటి పైనుంచి అందుతుంది, రెండోదానికి బండి కిందికి దూరాలి. అరవై ఏడేళ్ళ మనిషి గోనెసంచి పరుచుకుని కిందికి దూరాడు. మోటారు బయటికొచ్చాక విప్పే ముందు మూతకీ బాడీకీ అడ్డంగా ఒక గీత గీశాడు. మళ్ళీ బిగించేటప్పుడు ఆ గీతలు కలవాలి. కార్బన్ బ్రష్షులు వంకర తీగతో పైకెత్తి, పొడుగు బోల్టులు తీసి, ఆర్మేచర్ని బయటికి లాగాడు. ఆర్మేచర్ ఒంటి మీద ఒక పక్క వెండిలా మెరుస్తున్న చారలు. రాసుకున్న గుర్తులవి. ఇరుసు కొసని బుష్షులో పెట్టి పైకీ కిందికీ ఊపితే టకటకమంది.

వెనక మూతలో ఉండే బుష్షు గుడ్డి రంధ్రంలో ఉంటుంది. అవతల వైపు దారి లేదు, కాబట్టి వెనకనుంచి కొట్టి తీయలేరు. ఉలి పెట్టి చీలిస్తే మూత పగులుతుంది. మామూ ఆ గుంట నిండా గ్రీజు నింపాడు. రంధ్రానికి బిర్రుగా సరిపోయే ఇనుప కడ్డీ ఒకటి పెట్టి సుత్తితో కొట్టాడు. గ్రీజు నొక్కితే తగ్గేది కాదు, పోవడానికి దారీ లేదు. అది బుష్షు వెనక్కి చేరి బుష్షునే పైకి తోస్తుంది. నాలుగు దెబ్బలకి పాత బుష్షు దానంతట అదే లేచి వచ్చింది. ద్రవం మీద వేసిన ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా పాకుతుందని పాస్కల్ చెప్పిన సూత్రం నేను హైస్కూల్లో బట్టీపట్టాను. మామూ పాస్కల్ పేరు వినలేదు. ఆయన ఉస్తాద్ కూడా విని ఉండడు. సూత్రం మాత్రం ఇద్దరి చేతుల్లోనూ ఉంది.

కొత్త బుష్షు సికింద్రాబాద్ రాణీగంజ్ నుంచి తెప్పించాడు. వచ్చిన రోజు బిగించలేదు. ఇంజను ఆయిల్ పోసిన స్టీలు గిన్నెలో వేసి, మూతపెట్టి, రేపు చూద్దామన్నాడు. అది మామూలు కంచు కాదు. రాగి, తగరం పొడులని కలిపి, అచ్చులో గట్టిగా నొక్కి, కరగనివ్వకుండా కాల్చి చేస్తారు. అందుకే దాని ఒంటి నిండా కంటికి కనిపించని రంధ్రాలు. వాటిలోకి ఆయిల్ ఇంకాలి. దానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అర్జెంటు అయితే ఆయిల్ని మరిగే నీళ్ళంత వేడి చేసి రెండు గంటలుంచి, అందులోనే చల్లారనివ్వాలి. ఇరుసు తిరిగినప్పుడు ఆ రంధ్రాల్లోంచి నూనె ఊరుతుంది, ఆగినప్పుడు మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి బయటినుంచి చుక్క పొయ్యకుండా పని చేస్తుంది.

షాపులో ఈ ఒక్క రోజు ఆలస్యం మీదే రోజూ గొడవ. "చిన్న బుష్షుకి రేపటిదాకనా సాయిబూ?" అని ట్రాక్టరు రైతు విసుక్కుంటాడు. "బుష్షు చిన్నదే పటేలా, దాని దాహం పెద్దది" అంటాడు మామూ. లేత్ మిషన్ మీద మామూలు ఇత్తడి బుష్షు తీయించి గంటలో బిగించి పంపేవాళ్ళున్నారు. అది కొన్ని నెలలు బాగానే తిరుగుతుంది. తర్వాత ఎండిపోయి ఇరుసునే తినేస్తుంది. మామూ ఆ పని చెయ్యడు.

మర్నాడు బుష్షుని లోపలికి దింపడానికి ఆయన ఒక డబ్బాలోంచి నునుపు తేలిన ఉక్కు కడ్డీ తీశాడు. ఇరుసు ఎంత లావో సరిగ్గా అంతే. దాన్ని బుష్షులో దూర్చి, వంకర లేకుండా నెట్టాడు. "లోపల బ్లేడు పెట్టి గీకితే ఇంకా నున్నగా రాదా?" అనడిగాను. గీకితే రంధ్రాలు మూసుకుపోతాయట. పైకి అద్దంలా మెరుస్తుంది, లోపలి నూనె బయటికి రాదు. అందుకే కొలత ముందే సరిగ్గా ఉండాలి, తర్వాత దాన్ని చెక్కకూడదు. ఆ తర్వాత కమ్యుటేటర్‌ని సన్నటి గాజు కాగితంతో తుడిచాడు. ఎమెరీ కాగితం ముట్టుకోనివ్వలేదు. దాని రవ్వలు రాగిలో దిగబడి బ్రష్షుల్ని కోస్తాయన్నాడు. గీతలు కలిపి బిగించి, బ్యాటరీ వైరు తగిలించి బల్ల మీదే తిప్పి చూశాడు. తర్వాత బండికెక్కించాడు. తాళం తిప్పగానే బండి లేచింది. అమ్మీ కిటికీలోంచి విని 'అల్ హమ్‌దులిల్లాహ్' అంది.

ఇప్పుడు రక్తం సంగతికి వద్దాం. మామూ తండ్రి, అంటే మా నానా, జన్మలో పానా పట్టుకున్నవాడు కాదు. ఆయన చేతిలో ఉన్నది కలం. నిజాం కాలంలో ఒక తాలూకా కచేరీలో ఉర్దూ దస్త్రాలు రాసే అహల్కారు. అప్పుడు హైదరాబాద్ రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా యూనివర్సిటీలో పాఠాలూ ఉర్దూలోనే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రాజ్యంతో పాటు భాష హోదా పోయింది. భాషతో పాటు ఎన్నో ఇళ్ళలో కొలువులు పోయాయి. నిజాం పాలన మంచిదని నేననను. దొరల గడీల కింద నలిగిన రైతుల తెలంగాణ అది. ఆ పోరాటంలో తుపాకి పట్టిన ముస్లింలూ ఉన్నారు, కలం పట్టి రజాకార్లని ఎదిరించి 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ అనే ఉర్దూ పత్రికా సంపాదకుడూ ఉన్నాడు. నేను చెప్పేది నిజాం గురించి కాదు, నెల జీతంతో పిల్లల్ని సాకిన ఒక గుమస్తా గురించి. ఆయన కొలువు పోయింది. ఇంట్లో సామాను ఒక్కొక్కటే అమ్ముడుపోయింది. పదకొండేళ్ళ కొడుకుని బడి మాన్పించి ఉస్తాద్ దగ్గర చేర్చారు. అది 1968. మొదటి రెండేళ్ళు కిరోసిన్‌తో సామాన్లు కడగడం, చాయ్ తేవడమే పని. తప్పు పానా అందిస్తే మొట్టికాయ.

అదీ రక్తం కథ. మా ఇంట్లో మెకానిక్ వృత్తి వయసు ఒక్క తరం. కలం పోయినచోట పానా వచ్చింది. కోరుకుని రాలేదు, తలుపులు మూసుకుపోతే తెరిచి ఉన్న ఒకే సందులోంచి వచ్చింది. 2006లో పార్లమెంటు ముందుకొచ్చిన సచార్ కమిటీ నివేదిక ఇదే సంగతిని దేశమంతటికీ లెక్కలతో చెప్పింది. ముస్లింలు స్వయం ఉపాధిలో ఎక్కువ, నెల జీతం ఉద్యోగాల్లో, ముఖ్యంగా సర్కారు కొలువుల్లో తక్కువ అని. పంక్చరు షాపులూ సెల్ఫు షాపులూ మావాళ్ళ చేతుల్లో ఎందుకున్నాయో అడిగేవాళ్ళు ఆ నివేదిక చదివితే, రక్తపరీక్ష అవసరం ఉండదు.

ఈ ముద్ర బయటివాళ్ళే వేశారని అంటే అబద్ధమవుతుంది. మాలోనూ ఉంది. ఉర్దూ తహజీబ్ గురించి మేం మాట్లాడుకునే సభల్లో నవాబులుంటారు, ముషాయిరాలుంటాయి, అత్తరూ షేర్వానీ ఉంటాయి. గ్రీజు చేతులుండవు. పెళ్ళి సంబంధం దగ్గర "లడ్‌కా మిస్త్రీ" అంటే మొహాలు వాడిపోతాయి. మా మామూ షాపులో వినిపించే ఉర్దూ ఏ ముషాయిరాలోనూ వినిపించదు. పానా, పకడ్, పేచ్‌కస్, ఖరాద్. ఆ మాటల పక్కనే ఆకురాయి, సుత్తి, పట్టుకారు. మామూ దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళలో మాదిగ పిల్లలున్నారు, చాకలి పిల్లలున్నారు. ఎవరి మాట ఏదో ఎవరూ అడగరు. తెలుగు పిల్లవాడు "మామూ, పకడ్ ఇయ్యి" అంటాడు. సాయిబు పిల్లవాడు "ఆకురాయి కహా హై?" అంటాడు. నేను రెండు భాషల్లో డిగ్రీ దాకా చదివి, రెండు భాషల్లో జీతం తీసుకున్నవాణ్ణి. ఈ రెండు భాషలూ తగాదా లేకుండా బతకడం నేను చూసింది ఆ పదడుగుల గదిలో.

1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చిన తర్వాత మామూ కొన్నాళ్ళు షాపు తియ్యలేదు. ఇంటికొచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన గోనెసంచిలో సెల్ఫు తెచ్చి అరుగు మీద పెట్టి, పని ఆగిపోయింది, తొందరగా చెయ్యమన్నాడు. ఇంకొకాయన బియ్యం బస్తా తెచ్చి, పిల్లలెట్లున్నారని అడిగాడు. సెల్ఫు గురించి మాట్లాడలేదు. మామూ ఇద్దరి పనీ చేశాడు. కానీ ఈనాటికీ ఆ రెండో ఆయన్ని అన్నా అని పిలుస్తాడు, మొదటాయన్ని సార్ అంటాడు. మా పని కావాలా, మేం కావాలా అన్న ప్రశ్నకి ఇంతకన్నా పొడుగు వ్యాసం అక్కర్లేదు.

ఇప్పుడు ఆ పనే తరిగిపోతోంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కొత్త కార్ల సెల్ఫు పాడైతే విప్పేది లేదు, మొత్తం తీసి కొత్తది పెట్టడమే. కరెంటు బళ్ళకి ఇలాంటి సెల్ఫే ఉండదు. ట్రాక్టర్లు, పాత ఆటోలు, జనరేటర్లు మామూ షాపుని ఇంకా నిలబెడుతున్నాయి. కొన్నేళ్ళ కింద టెస్ట్ బెంచి కొనడానికి అప్పు కోసం ఒక బ్యాంకుకి వెళ్ళాం. శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ ఉందా అని అడిగారు. యాభై ఏళ్ళ అనుభవానికి కాగితం లేదు. అప్పు రాలేదు. మామూ కొడుకు అదే గదిలో అదే పని నేర్చుకుని సౌదీ వెళ్ళాడు. అక్కడ అతని బ్యాడ్జి మీద టెక్నీషియన్ అని ఉంటుంది. ఇక్కడున్నన్నాళ్ళూ అతను సాయిబు పిలగాడే.

వృత్తి పోతోందని ఏడవడానికి ఇది రాయలేదు. పదకొండేళ్ళ పిల్లలు కిరోసిన్‌లో చేతులు నానబెట్టుకునే రోజులు పోతే మంచిదే. మా పిల్లలు కలం పట్టాలి, కంప్యూటర్ పట్టాలి, ఇష్టమైతే పానా కూడా పట్టాలి. ఇష్టమైతే అన్న మాటే ముఖ్యం. నేననేది ఒక్కటే. పోతున్నది ఏమిటో తెలిసి పోనివ్వండి. పోతున్నది కులవిద్య కాదు, మతవిద్య కాదు, రక్తగుణం కాదు. యాభై ఏళ్ళ పరీక్షలూ కొలతలూ ఓపికా కలిసిన జ్ఞానం. రైతు పంట జ్ఞానాన్నీ, నేతగాడి మగ్గం జ్ఞానాన్నీ జ్ఞానమని ఒప్పుకోవడానికి మనకి చాలా కాలం పట్టింది. దానికోసం పోరాడిన వాళ్ళున్నారు. ఆ వరసలో గ్రీజు చేతుల్ని ఇంకా ఎవరూ కూర్చోబెట్టలేదు.

అందుకే ఈసారి మీ బండి బాగుచేసిన మనిషిని మెచ్చుకోవాలనిపిస్తే రక్తం మాట ఎత్తకండి. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడగండి. ఎన్నేళ్ళు పట్టిందని అడగండి. బడి ఎందుకు మానేశావని కూడా అడగండి. ఆ మూడో ప్రశ్నకి వచ్చే జవాబు మీకూ మాకూ కలిపి రాసుకోవాల్సిన చరిత్ర.